గాలిని పీపాల్లో నింపే ఊరు

పిల్లలూ! మీ బడిలో గ్లోబు ఉంటుంది కదా. ఈసారి దాన్ని చూసినప్పుడు దక్షిణ అమెరికా ఖండం మీద వేలు పెట్టి, పడమటి తీరం వెంబడి కిందికి జరపండి. అక్కడ మిరపకాయలాగా సన్నగా, పొడుగ్గా ఒక దేశం కనిపిస్తుంది. అదే చిలీ. ఆ మిరపకాయ కొస దాకా వెళ్ళేసరికి నేల ముక్కలు ముక్కలై సముద్రంలో కలిసిపోతుంది. ఆ ముక్కల మధ్య నుంచే మాగెల్లాన్ జలసంధి పోతున్నది. దాని ఒడ్డున ఉన్న పట్టణం పేరు పుంటా అరేనాస్. ఆ పేరుకు స్పానిష్ భాషలో ‘ఇసుక మొన’ అని అర్థం. భూమధ్యరేఖకు దక్షిణంగా 53 డిగ్రీల అక్షాంశం మీద ఉన్న ఊరు అది. ఇంకా దక్షిణానికి పోతే కొన్ని దీవులు, సముద్రం, ఆ తరవాత అంటార్కిటికా మంచు ఖండమే.

మనకూ ఆ ఊరికీ అన్నీ తలకిందులు. మన ఊళ్ళలో మే నెల ఎండలు మండిపోతూంటే అక్కడ చలి ముదురుతూ ఉంటుంది. మనం సంక్రాంతికి భోగిమంటలు వేసుకునే రోజుల్లో అక్కడ వేసవికాలం. రాత్రి పది గంటలకు గాని పొద్దు గూకదు. మన గడియారంలో సాయంత్రం ఐదున్నర అయినప్పుడు వాళ్ళ గడియారంలో ఉదయం తొమ్మిది గంటలు.

ఆ ఊరికి పోయినవాళ్ళు మొట్టమొదట చెప్పేది గాలి సంగతే. అది మన తాటాకులను గలగలలాడించే గాలి వంటిది కాదు. గాలి బాగా ముదిరిన రోజుల్లో మనుషులు పట్టుకొని నడవటానికి వీధుల్లో తాళ్ళు కడతారు. ఊరి బయట చెట్లన్నీ ఒకే వైపుకు వంగిపోయి, జుట్టు వెనక్కి దువ్వుకున్నట్టు ఉంటాయి. అవి ఏనాడూ నిటారుగా పెరగలేదు. గాలి వాటిని పెరగనివ్వలేదు.

ఆ గాలికి అంత బలం ఎక్కడిది? గ్లోబును మళ్ళీ చూడండి. ఆ అక్షాంశాల దగ్గర భూమి చుట్టూ దాదాపు అంతా సముద్రమే. పడమటి నుంచి తూర్పుకు పరిగెత్తే గాలికి వేల మైళ్ళ దాకా కొండ గాని, అడవి గాని అడ్డం రాదు. అందుకనే పూర్వం తెరచాప ఓడలవాళ్ళు 40 డిగ్రీల దగ్గర వీచే గాలులకు ‘గర్జించే నలభైలు’ అనీ, 50 డిగ్రీల దగ్గర వీచేవాటికి ‘ఉగ్ర యాభైలు’ అనీ పేర్లు పెట్టారు.

మాగెల్లాన్ అనే పోర్చుగీసు నావికుడు 1520లో స్పెయిన్ రాజు పంపగా ఓడలతో ఈ జలసంధిలో ప్రవేశించాడు. అక్టోబరు 21న దాని ముఖద్వారం కనిపించింది. మెలికలు తిరిగిన ఆ దారి దాటి పసిఫిక్ మహాసముద్రంలో పడేసరికి నవంబరు 28 వచ్చింది. దక్షిణపు ఒడ్డున అక్కడి ఆదివాసులు వేసుకున్న మంటలు ఓడల మీదికి కనిపించాయట. ఆ దీవికి ‘టియెర్రా డెల్ ఫ్యూగో’, అంటే ‘అగ్నిభూమి’, అన్న పేరు అందువల్లనే వచ్చింది.

ఈ అగ్నిభూమి పక్కన 1848లో పుంటా అరేనాస్ పట్టణం ఏర్పడింది. దాని చరిత్ర అంతా ఒక రకంగా నిప్పు చరిత్రే. ఆవిరి ఓడల కాలంలో అట్లాంటిక్ నుంచి పసిఫిక్‌కు పోయే ఓడలు ఇక్కడ ఆగి బొగ్గు నింపుకునేవి. ఆ బొగ్గు ఊరి పక్కనే గనుల్లో దొరికేది. ఊరు దినదినాభివృద్ధి చెందింది. 1914లో పనామా కాలువ తెరుచుకున్నది. ఓడలు దగ్గరి దారి పట్టాయి. ఊరి సందడి తగ్గిపోయింది. తరవాత 1945 డిసెంబరు 29న అగ్నిభూమి దీవిలో చమురు పడింది. చిలీ దేశంలో దొరికిన మొదటి చమురు అదే. ఆ తరవాత సహజవాయువు. 1988 నుంచి ఆ వాయువుతో మిథనాల్ అనే ద్రవాన్ని తయారుచేసే పెద్ద కర్మాగారం ఊరికి ఉత్తరాన వెలిసింది.

బొగ్గు, చమురు, సహజవాయువు — మూడూ నేలను తవ్వి పైకి తీసినవే. తవ్వితే ఎప్పటికైనా తరిగిపోయేవే. ఆ ఊరివాళ్ళు తరాల పాటు తిట్టుకుంటూ తలుపులు బిగించుకున్న గాలి మాత్రం తరగలేదు. దానితో ఇంధనం చేయవచ్చునా అన్న ప్రశ్న ఈ మధ్యనే వచ్చింది.

దానికి జవాబు వెతకటానికి ఊరికి ఉత్తరంగా సుమారు 35 కిలోమీటర్ల దూరంలో ‘హరు ఓని’ అనే చిన్న కర్మాగారం కట్టారు. ఇది 2022 డిసెంబరు 20న పని ప్రారంభించింది. హెచ్.ఐ.ఎఫ్. అనే సంస్థ, జర్మనీకి చెందిన సీమెన్స్ ఎనర్జీ, పోర్షే మొదలైన కంపెనీలు కలిసి దీన్ని తలపెట్టాయి. బయలు నేల మీద ఒకే ఒక గాలిమర, దాని దాపున కొన్ని గొట్టాలు, గోపురాలు, పీపాలు. ఇంతే దాని స్వరూపం.

ఆ ఒక్క గాలిమర గట్టిగా తిరిగినప్పుడు గంటకు 3,400 యూనిట్ల కరెంటు ఇస్తుంది. మీ ఇంట్లో నెలకు 100 యూనిట్లు ఖర్చవుతాయనుకోండి. అటువంటి 34 ఇళ్ళకు నెలంతా సరిపడే కరెంటు అది ఒక గంటలో పుట్టిస్తుందన్న మాట! ఇక్కడ ఒక సూత్రం గుర్తుంచుకోండి. గాలి వేగం రెట్టింపు అయితే అందులోని శక్తి రెట్టింపు కాదు. రెండు రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది. ఎనిమిది రెట్లు అవుతుంది! అందుకనే గాలిమర పెట్టదలచినవాళ్ళు ఇంత దూరం వెతుక్కుంటూ వచ్చారు.

సరే, కరెంటు వచ్చింది. కాని కరెంటును పీపాలో పోయలేము కదా? ఇక్కడినుంచి రసాయనశాస్త్రం మొదలవుతుంది.

కట్టె కాలితే ఏమి మిగులుతుంది? బూడిద అంటారు మీరు. కాని బూడిద చాలా కొంచెమే. కట్టెలో ఎక్కువ భాగం కంటికి కనపడకుండా బొగ్గుపులుసు వాయువుగా, నీటి ఆవిరిగా మారి గాలిలో కలుస్తుంది. మీ పుస్తకాల్లో బొగ్గుపులుసు వాయువును కార్బన్ డయాక్సైడ్ అని రాస్తున్నారు. పెట్రోలు కాలినా ఈ రెండే పుడతాయి. కాబట్టి బొగ్గుపులుసు వాయువూ, నీరూ కూడా ఒక విధమైన బూడిదే. ఈ బూడిదను మళ్ళీ కట్టెగా మార్చవచ్చునా? మార్చవచ్చు. ప్రతి పచ్చని ఆకూ ఎండ సాయంతో చేస్తున్న పని అదే. అయితే కాలినప్పుడు ఎంత వేడి బయటికి పోయిందో అంతా తిరిగి ఇచ్చుకోవాలి. ప్రకృతి ఈ విషయంలో దమ్మిడీ కూడా వదులుకోదు.

హరు ఓనిలో ముందుగా నీటిలోకి కరెంటు పంపి దాన్ని విడగొడతారు. నేను బడిలో పాఠం చెప్పే రోజుల్లో పిల్లలకు ఇది చేసి చూపించేవాణ్ణి. రెండు గాజు గొట్టాల్లో కాస్త ఆమ్లం కలిపిన నీరు పోసి, బ్యాటరీ తగిలిస్తే చాలు, సన్నని బుడగలు లేస్తాయి. ఒక గొట్టంలో చేరిన వాయువు రెండో గొట్టంలో దానికి రెట్టింపు ఉంటుంది. ఎక్కువ చేరింది ఉదజని. పుల్ల గీసి దగ్గర పెడితే ‘టప్’మని పేలుతుంది. తక్కువ చేరింది ఆమ్లజని. నిప్పుకణంతో ఉన్న పుల్లను అందులో ఉంచితే భగ్గున వెలుగుతుంది. (దీన్ని మాస్టరు దగ్గర ఉన్నప్పుడే చేయాలి. ఇంటి కరెంటుతో ఎన్నడూ చేయరాదు.)

తరవాత ఆ ఉదజనిని బొగ్గుపులుసు వాయువుతో కలిపి, బాగా వేడిచేసి, ఎన్నో రెట్ల ఒత్తిడిలో ఉత్ప్రేరకం మీదుగా పంపుతారు. ఉత్ప్రేరకం పెళ్ళిళ్ళ పేరయ్యవంటిది. ఇద్దరినీ కలుపుతుంది గాని తాను అందులో చేరదు. మిథనాల్ తయారుచేయటానికి సాధారణంగా రాగి, తుత్తునాగం కలిసిన పదార్థాన్ని ఇందుకు వాడతారు. ఇప్పుడు కావలసిన మిథనాల్ పుడుతుంది. ఒకప్పుడు కలపను గాలి తగలకుండా కాల్చి దీన్ని తీసేవారు. ఇది నీళ్ళలాగే కనిపిస్తుంది గాని ప్రాణం తీసే విషం; దీన్ని తాగి చూపు పోగొట్టుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారు. ఈ మిథనాల్‌ను మరొక రకం ఉత్ప్రేరకం మీదుగా పంపితే పెట్రోలు అవుతుంది. ప్రారంభోత్సవం నాడు హరు ఓని పెట్రోలును ఒక పోర్షే కారులో పోశారు. కారు ఎప్పటిలాగే నడిచింది. అది గాలితో చేసిన పెట్రోలని ఇంజనుకు ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు మీ లెక్కల పుస్తకం తెచ్చుకోండి. 44 కిలోల బొగ్గుపులుసు వాయువుకు 6 కిలోల ఉదజని కలిపితే 32 కిలోల మిథనాల్, 18 కిలోల నీరు వస్తాయి. ఇటు 50, అటు 50. సరిపోయిందా? ఆ 6 కిలోల ఉదజని కావాలంటే 54 కిలోల నీటిని విడగొట్టాలి. అందులో 18 కిలోలు చివర తిరిగి వస్తాయి కాబట్టి నికరంగా ఖర్చయ్యేది 36 కిలోలే. నీటి ఖర్చు పెద్దది కాదు.

పెద్దది శక్తి ఖర్చు. ఒక కిలో ఉదజని తీయాలంటే 50 యూనిట్లకు పైగా కరెంటు కావాలి. 6 కిలోలకు సుమారు 320 యూనిట్లు అనుకుందాం. దానితో వచ్చిన 32 కిలోల మిథనాల్‌లో ఉండే శక్తి ఎంత? సుమారు 177 యూనిట్లు. దాదాపు సగం దారిలోనే పోయింది! దాన్ని పెట్రోలుగా మార్చేటప్పుడు మరికొంత పోతుంది. కారు ఇంజను తనకు ఇచ్చిన దానిలో నాలుగో వంతు మాత్రమే చక్రాలకు అందించి, మిగతాది వేడిగా వదిలేస్తుంది. చివరికి 320 యూనిట్లకు చక్రాలను తిప్పేది 40 యూనిట్లు, కాస్త అటూ ఇటూగా. అదే కరెంటును తీగ ద్వారా తెచ్చి బ్యాటరీ కారులో నింపితే చక్రాలకు 200 యూనిట్లకు పైగానే అందుతాయి.

“మరి ఇంత నష్టపు వ్యాపారం ఎందుకు?” అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. దానికి మీ అమ్మమ్మ పెట్టే ఆవకాయ జవాబు చెబుతుంది. వేసవిలో మామిడికాయలు విరివిగా వస్తాయి. కార్తీకమాసంలో ఒక్కటీ దొరకదు. అమ్మమ్మ కాయలు కొట్టించి, ఉప్పూ కారమూ ఆవపిండీ నూనే ఖర్చుపెట్టి, శ్రమపడి జాడీకి ఎత్తుతుంది. కాయను కాయగా తినటం చవకే, కాని ఏడాది పొడుగునా కావాలంటే, దూరదేశంలో ఉన్న మనవడికి పంపాలంటే జాడీ తప్పదు. పుంటా అరేనాస్ గాలి కూడా అంతే. గాలి అక్కడ ఉన్నది. జనం ఎక్కడో ఉన్నారు. సముద్రాల మీదుగా అంత దూరం తీగలు లాగలేరు. పీపాల్లో నింపి ఓడ ఎక్కించవచ్చు. అయితే చెట్టు కింద కూర్చున్నవాడికి ఆవకాయ జాడీ ఎందుకు? తీగ అందే చోట కరెంటునే వాడుకోవటం తెలివి.

జాడీ తప్పనివాళ్ళు ఎవరు? విమానాలూ, ఓడలూ. ఒక కిలో విమాన ఇంధనంలో సుమారు 12 యూనిట్ల శక్తి ఉంటుంది. ఒక కిలో బ్యాటరీలో పావు యూనిట్, కాస్త ఎక్కువ. మహాసముద్రం దాటే విమానానికి బ్యాటరీలు కడితే అది నేల వదిలి లేవలేదు. అందుకనే యూరప్ దేశాల కూటమి 2030 నుంచి తమ విమానాశ్రయాల్లో పోసే ఇంధనంలో కొద్ది వంతు ఇటువంటిది ఉండాలని చట్టం చేసింది. మిథనాల్‌తో నడిచే ‘లారా మేర్స్క్’ అనే సరకుల ఓడ 2023లో సముద్రంలోకి దిగింది. 2025లో డెన్మార్క్ దేశంలోని కాస్సో అనే చోట ఏడాదికి 42,000 టన్నుల మిథనాల్ చేయగల కర్మాగారం మొదలైంది. అక్కడ ఎండతో పుట్టిన కరెంటు వాడతారు. బొగ్గుపులుసు వాయువు పేడ మొదలైన వాటి నుంచి గ్యాసు తీసే చోటినుంచి వస్తుంది.

ఈ బొగ్గుపులుసు వాయువు ఎక్కడినుంచి వచ్చిందన్నది చాలా ముఖ్యం. హరు ఓని మొదట్లో చెట్టూచేమల వల్ల పుట్టిన పదార్థాల నుంచి వచ్చే వాయువును బయటినుంచి తెప్పించుకున్నది. ముందు ముందు తిన్నగా గాలినుంచే పట్టుకోవాలని సంకల్పం. గాలి నుంచి తీసుకున్నది ఇంజనులో కాలి మళ్ళీ గాలిలోకే పోతుంది. చేబదులు తీసుకుని చేబదులు తీర్చినట్టు లెక్క సరిపోతుంది. బొగ్గు కాల్చే పొగగొట్టం నుంచి పట్టినదైతే అలా కాదు. ఆ బొగ్గు కోట్ల ఏళ్ళుగా భూమిలో దాగి ఉన్నది. దాని పొగను ఇంధనంగా మార్చి ఇంకొకసారి వాడుకోవచ్చు, కాని చివరికి అది గాలిలోకి పోవలసిందే. ఒక బొగ్గుతో రెండు పనులు చేసుకున్నట్టు అవుతుంది. అదీ లాభమే, కాని బాకీ మాత్రం తీరదు.

ఇటువంటి ప్రయత్నం మన దేశంలోనూ జరిగింది. రామగుండంలో కరెంటు తయారుచేసే ఎన్.టి.పి.సి. సంస్థ పేరు మీరు వినే ఉంటారు. ఆ సంస్థే మధ్యప్రదేశ్‌లోని వింధ్యాచల్ విద్యుత్కేంద్రంలో పొగగొట్టం నుంచి పట్టిన బొగ్గుపులుసు వాయువుతో మిథనాల్ తయారుచేసినట్టు 2024 నవంబరులో ప్రకటించింది. పొగను పట్టటం, దాన్ని ద్రవంగా మార్చటం మనవాళ్ళు నేర్చుకుంటున్నారు. ఆ విద్య రేపు గాలినుంచి పట్టటానికి కూడా పనికివస్తుంది.

మళ్ళీ పుంటా అరేనాస్ సంగతికి వద్దాం. హరు ఓని పెద్ద పేరు తెచ్చుకున్నది గాని, అది పరీక్ష కోసం కట్టిన చిన్న కర్మాగారమే. ఏడాదంతా పనిచేస్తే సుమారు 1,30,000 లీటర్ల పెట్రోలు ఇవ్వాలని దాన్ని తలపెట్టారు. ఒక పెద్ద జంబో విమానం టాంకులో రెండు లక్షల లీటర్లకు పైగా పడుతుంది. అంటే ఏడాది శ్రమ ఒక్క విమానం టాంకును ఒక్కసారి కూడా నింపదు! ప్రపంచానికి చాలినంత చేయాలంటే ఆ బయళ్ళలో వందలు, వేలు గాలిమరలు నిలబెట్టాలి.

అప్పుడు ఆ నేల మీద ఉన్నవాళ్ళ సంగతి ఏమిటి? జలసంధిలోని మాగ్దలేనా దీవిలో వేలకు వేలు పెంగ్విన్ పక్షులు గూళ్ళు చేసుకుంటాయి. ఆ గడ్డి మైదానాల్లో ఎర్రతల బాతు ఒకటి ఉన్నది. అక్కడ అది చాలా కొద్దిగా మిగిలింది. అవి ఎగిరే దారుల్లో గాలిమరలు వస్తే ఎలాగని పక్షులను ఎరిగినవాళ్ళు అడుగుతున్నారు. ఆ నేలకు ఇంకొక పాత గాయం కూడా ఉన్నది. పందొమ్మిదో శతాబ్దం చివర గొర్రెల పెంపకందార్లు అగ్నిభూమికి వచ్చి, అక్కడి సెల్క్‌నామ్ ఆదివాసులను తరిమి, చంపి, ఆ జాతిని దాదాపు నాశనం చేశారు. వారి వంశస్థులను ఒక జాతిగా చిలీ ప్రభుత్వం 2023లో గుర్తించింది. ఉన్ని వల్ల, బొగ్గు వల్ల, చమురు వల్ల కొందరికి సంపద వచ్చింది. కొందరికి కన్నీరు మిగిలింది. గాలి వల్ల వచ్చే సంపద అలా కాకూడదంటే గాలిమర నాటేముందే అక్కడి మనుషులనూ, పక్షులనూ లెక్కలో వేసుకోవాలి.

చివరగా మీకు ఒక ఇంటిలెక్క ఇస్తున్నాను. ఒక లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. మీ ఇంట్లో స్కూటరుకు నెలకు ఎన్ని లీటర్లు పోస్తారో నాన్నగారినో, అమ్మనో అడిగి గుణించండి. పది లీటర్లయితే 23 కిలోలు. ఒక చిన్న తరగతి పిల్లవాడి బరువు! ఇప్పుడు దాన్ని గాలినుంచి తిరిగి పట్టాలనుకోండి. గాలిలో పదివేల పాళ్ళకు నాలుగు పాళ్ళు, ఆపైన కొంచెం మాత్రమే ఈ వాయువు ఉన్నది. ఎనిమిది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు ఉన్న తరగతి గదులు తొమ్మిది, పది తీసుకుని, వాటిలోని గాలినంతా జల్లెడ పడితే దొరికేది ఒక్క కిలో. మరి 23 కిలోలకు ఎన్ని గదులు కావాలి? లెక్క కట్టి, జవాబును మీ నోటుపుస్తకంలో రాసుకోండి. బజారుకు నడిచి వెళ్ళగలిగిన రోజున స్కూటరు తీయకపోతే ఎంత పని తప్పిందో ఆ జవాబే మీకు చెబుతుంది.